నిటారుగా నిలబడిన లవంగం

పదకొండు రోజులు సముద్రం మీద తిరిగి కొమరగిరి తన పడవను మేఖలాపుర రేవులో కట్టేసరికి కోటబురుజు మీద రెండో జాము మొదలైందని నగారా మోగుతోంది. ఒడ్డున ఎండుచేపలు ఆరబోస్తున్న నూకాలు అతన్ని చూసి చేతిలోని తట్ట కింద పడేసింది. ఆమె చెప్పిన కబురు చిన్నది. ఈ మిట్టమధ్యాహ్నం, గండశిల మీది రాతిస్తంభం నీడ దాని మొదట్లోకే చేరే వేళకు, అతని తండ్రి సింగన్న తల తెగుతుంది.

తండ్రి అంటే కన్నవాడు కాదు. ఇరవై రెండేళ్ల కిందట అలల మీద కొట్టుకొచ్చిన తాటిదోనెలో పసికందు ఏడుస్తుంటే నడుముల్లోతు నీళ్లలోకి దిగి ఎత్తుకున్నవాడు. ఈత రాని మనిషి ఆ పని చేశాడు. అంతకన్నా కన్నవాడు ఏం చేస్తాడో కొమరగిరికి ఎప్పుడూ అర్థం కాలేదు.

సింగన్న సువర్ణమేఖల రాజ్యపు సుగంధశాలకు అధికారి. ఆ రాజ్యంలో అది చిన్న కొలువు కాదు. మూలపురుషుడి కాలం నుంచీ అక్కడ ఒక కట్టడి ఉంది. నోట లవంగం లేకుండా సభలో ఎవరూ మాట్లాడకూడదు. నోట లవంగం ఉన్నవాడి మాట పూర్తయ్యేదాకా ఎవరూ, ఆఖరికి రాజు కూడా, ఆపకూడదు. రాజాజ్ఞకు ముద్ర కూడా ఉంగరం కాదు, లవంగమే. రాజు తన కోరపంటితో దాని కాడ మీద గాటు పెట్టి ఇస్తే అది శాసనం. దాన్ని పట్టుకొచ్చినవాడి నోటిమాట రాజు నోటిమాట.

ఇంతటి లవంగానికి ఆరు నెలల కిందట చీడ పట్టింది. చీడ పేరు అమృతనాథుడు. ఎక్కడినుంచో ఊడిపడి రాజవైద్యుడై కూర్చున్నాడు. అతను వచ్చిన కొన్నాళ్లకే చిత్రభాను మహారాజుకు పంటినొప్పి మొదలైంది. సింగన్న లవంగం ఇస్తే తగ్గలేదు. నలభై ఏళ్లుగా లవంగాలతో బతికిన మనిషికి అనుమానం వచ్చి, కొట్టులోంచి పిడికెడు తీసి నీళ్లగిన్నెలో వేశాడు. మంచి లవంగం నీళ్లలో తల పైకెత్తి నిటారుగా నిలబడుతుంది. నూనె పిండేసిన లవంగం వెల్లకిలా తేలుతుంది. ఆ పిడికెడూ వెల్లకిలా తేలింది. కొట్టులో ఉన్న మూడొందల బస్తాలూ పిప్పే అయ్యాయని సింగన్న కొడుకు చెవిలో చెప్పి, లవంగం పుట్టిన కెంపుదీవికి పోయి నాలుగు మంచివి తెమ్మని పంపాడు. ఆ మర్నాడే, రాజుకు విషపు లవంగం ఇచ్చాడన్న నేరం మీద అతన్ని చెరలో వేశారు. ఊళ్లోని లవంగాలన్నీ విషమేనని వైద్యుడు ఏరించి పట్టుకుపోయాడు. లవంగం లేక సభలో ఎవరికీ నోరు లేకుండా పోయింది. రాజుకు దవడ వాచి మాట పడిపోయింది. ఇక మిగిలిన నోరు వైద్యుడిది ఒక్కటే.

"కోటగుమ్మంలో పునుగుపిల్లిని కట్టేరు బాబూ," అంది నూకాలు. "సుగంధం వాసనొస్తే సాలు, ఎగిరి మీద పడతాది. లవంగం అన్నమాటంటే సేతులు నరికేత్తన్నారు. నువ్వెలా ఎల్తావు?"

కొమరగిరి నవ్వి ఆమె తట్ట వైపు చూశాడు. అందులో చెయ్యంత పొడుగున్న ఎండు వంజరం ఒకటి ఉంది. కెంపుదీవిలో వెన్నెలవ్వ అనే ముసలామె ఇచ్చిన లవంగాలు వెదురుగొట్టంలో పోసి, మూతికి మైనం పెట్టి ఉన్నాయి. ఆ గొట్టాన్ని వంజరం పొట్టలోకి దూర్చి, నూకాలు దగ్గర చింకి తలగుడ్డ అడిగి చుట్టుకుని, తట్ట నెత్తికెత్తుకున్నాడు. రాజసభకు పోయే వేషం అది కాదు గాని, చేతికందినది అదే.

మేఖలాపురం చూడవలసిన నగరం. ఏడు ప్రాకారాలూ ఏడు రంగుల రాతితో కట్టినవి. బయటిది సముద్రపు నీలం, ఆపైది చిలకపచ్చ, అన్నిటికన్నా లోపలిది పొద్దుటి ఎండ తగిలితే బంగారంలా మెరిసే పసుపురాయి. వీధుల్లో అటూ ఇటూ పన్నీటి కాలువలు, మేడలకు గంధపుచెక్క గవాక్షాలు, వాటిలోంచి వేలాడే ముత్యాల సరాలు. పరదేశి వర్తకులు తలలు పైకెత్తి నడిచి ఒకరినొకరు గుద్దుకునేవాళ్లు. ఇప్పుడు ఆ వీధుల్లో జనం తలలు వంచుకుని పోతున్నారు.

గుమ్మంలో నల్లచారల పునుగుపిల్లి వెండి గొలుసుకు కట్టి ఉంది. ముందు నడుస్తున్న మిరియాల వర్తకుడి మూటను అది ఒక్క పంజాతో చీల్చింది. భటులు అతన్ని ఈడ్చుకుపోయారు. తర్వాతి వంతు కొమరగిరిది. పిల్లి ముక్కు ఎగరేసింది. ఎండుచేపల కంపు కొట్టగానే దానికి కొలువు, కట్టడి, వైద్యుడి ఆజ్ఞ అన్నీ ఒక్కసారే మరుపొచ్చాయి. గొలుసు తెంపుకుని తట్టలోకి దూకి, సరిగ్గా ఆ వంజరాన్నే నోట కరుచుకుని పరుగు తీసింది.

సింగన్న ప్రాణం పిల్లి నోట్లో పోతోంది. కొమరగిరి తట్టను భటుల ముఖాల మీదికి విసిరి వెంటపడ్డాడు. పిల్లి కుండల బండి కిందినుంచి దూరింది, అతను బండి మీదినుంచి దూకాడు. అది పందిరి ఎక్కింది, అతనూ ఎక్కాడు. పందిరి కూలి ఇద్దరూ అరటిగెలల మధ్య పడ్డారు. అది మళ్లీ లేచి పన్నీటి కాలువ గట్టున పరుగెత్తుతుంటే తలగుడ్డ విప్పి వలలా విసిరాడు. పిల్లి చిక్కింది, చేప జారింది, చేప పొట్టలోంచి గొట్టం కాలువలోకి దొర్లింది. మెడలోతు నీళ్లలోకి దిగి వెతికి పట్టుకునేసరికి మైనం చెక్కుచెదరలేదు. వెనక భటుల కేకలు వినిపిస్తున్నా, ముందర రాజభవనపు మెట్లు కనిపిస్తున్నాయి.

ద్వారపాలకులు ఈటెలు అడ్డం పెట్టారు. నీళ్లు కారుతూ, చేపల కంపు కొడుతూ ఉన్నవాణ్ణి ఏ ద్వారపాలకుడు మాత్రం లోపలికి పంపుతాడు? కొమరగిరి ఒక లవంగం బుగ్గన పెట్టుకుని నెమ్మదిగా కొరికి, ముసలి ద్వారపాలకుడి ముఖం మీదికి ఊపిరి వదిలాడు. నెలల తరబడి ఆ నగరంలో ఎవరి ముక్కుకూ తగలని వాసన అది. ముసలివాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను తన ఈటె దించి, పక్కవాడి ఈటెను కూడా తనే పక్కకు నెట్టాడు.

సభలో వంద స్తంభాలు, వంద దీపాలు, నూటయాభై మంది మూగవాళ్లు. రత్నసింహాసనం మీద చిత్రభాను మహారాజు దవడకు పట్టుగుడ్డ కట్టుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చున్నాడు. పక్కన పులితోలు పీఠం మీద అమృతనాథుడు. ముప్ఫయ్యేళ్ల వయసు, నిగనిగలాడే ఒళ్లు. ఈ దుర్గంధాన్ని బయటికి ఈడ్చమని వైద్యుడు చెయ్యెత్తేలోపే కొమరగిరి నాలుక చాపి దాని మీది లవంగాన్ని సభకంతటికీ చూపించాడు. భటులు అడుగు వేసినచోటే ఆగిపోయారు.

ఇక అతను మాట్లాడాడు. సింగన్న పెంపకంలో లవంగం గురించి తెలియనిదేముంది? పూర్వం మూలపురుషుడికి ఏడుగురు నావికులు ఒక చిన్న మూట తెచ్చి ఇచ్చారని, అది మేకులా ఉంటే ఏదో ఇనుపసామాను అనుకుని ఆయన మొదట కోపగించుకున్నాడని చెప్పాడు. కెంపుదీవిలో ఆ మొగ్గలు పచ్చగా పుట్టి గులాబీరంగుకు తిరుగుతాయని, విచ్చకముందే చేత్తో కోసి నాలుగైదు రోజులు ఎండబెడితే ముదురు గోధుమరంగు లవంగాలు అవుతాయని, ఒక్కరోజు ఆలస్యమై పువ్వు విచ్చిందా ఇక ఎందుకూ పనికిరాదని చెప్పాడు. దీవిలో బిడ్డ పుట్టగానే ఒక లవంగం మొక్క నాటుతారని, ఆ చెట్టు పడితే ఆ మనిషి కూడా పడతాడని అక్కడివాళ్ల నమ్మకమని చెప్పాడు. లవంగం నోటి వాసన పోగొడుతుంది, అన్నం అరిగిస్తుంది, కడుపు తిప్పడం ఆపుతుంది, దగ్గుకు గొంతులో హాయినిస్తుంది, అన్నిటికీ మించి పంటినొప్పిని పడుకోబెడుతుంది అన్నాడు. పన్నెండు తింటే పన్నెండు రెట్లు మేలు జరగదని, ఒక్కటి చాలని, ఉత్త నూనె పోస్తే నోరు కాలుతుందని కూడా అన్నాడు.

అక్కడితో ఆపితే బాగుండేది. కాని ఇరవై రెండేళ్లవాడు, కట్టడి ప్రకారం తన మాట ఎవరూ ఆపకూడదు, నూటయాభై మంది పెద్దలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఆ దీవికి తాను ఎలా పోయాడో కూడా చెప్పాడు. మొసలిబండను ఎడమచేతికి వదిలి, అగస్త్యనక్షత్రానికి ఎదురుగా నాలుగు రోజులు పోతే అయిదోనాడు దీవి కనిపించకముందే వాసన తగులుతుందన్నాడు. అది విన్నప్పుడు వైద్యుడు మొదటిసారి ముందుకు వంగి కూర్చున్నాడు.

కొమరగిరి సింహాసనం దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని రాజుకు ఒక లవంగం అందించాడు. నొప్పి ఉన్న పక్క పెట్టుకుని మెల్లగా నొక్కి, ఊరిన రసాన్ని చిగుళ్ల మీదే ఉండనివ్వమన్నాడు. అప్పుడే అతనికి ఒక సంగతి తట్టింది. ఊరంతటిలో లవంగం వాసన లేదు. వైద్యుడి ఒంటి నుంచి మాత్రం గుప్పుమంటోంది. మూడొందల బస్తాల వాసన.

రాజు కళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. దవడ మీది పట్టుగుడ్డను తనే ఊడదీసుకున్నాడు. వాపు ఎక్కడికీ పోలేదు గాని, నొప్పి నిద్రపోయింది. పది రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది.

"సింగన్నను చంపమని నేనెప్పుడన్నాను?"

రాజు కొమరగిరి చేతిలోంచి రెండో లవంగం తీసుకుని, విరిగిన కోరపంటితో కాడ మీద గాటు పెట్టి తిరిగి ఇచ్చాడు.

"నా గుర్రం తీసుకుపో. ఆయన్ని విడిపించి నా దగ్గరికి తీసుకురా. పన్ను పీకించుకునేలోపు ఆయన కాళ్లకు దణ్ణం పెట్టుకోవాలి."

కొమరగిరి వెనక్కి తిరిగేసరికి పులితోలు పీఠం మీద ఎవరూ లేరు. దాని మీద తడి ఉంది, నూనె తడి.

రాజుగారి తెల్లగుర్రం ఏడు ప్రాకారాలనూ ఏడు ఊపిర్లలో దాటింది. నగరం బయట గండశిల దారి వేపతోపుల గుండా పోతుంది. తోపు మధ్యకు రాగానే రెండువైపులా చెట్లు ఒక్కసారిగా కొమ్మలు దించి దారికి అడ్డంగా అల్లుకున్నాయి. అవి చెట్లు కావు, పొగ. కాని గుర్రానికి ఆ సంగతి తెలియక నిలువునా లేచింది. కొమరగిరి దాని కళ్లు తన చేత్తో మూసి, మెడ మీద వాలి, పొగలోకి దూకించాడు. అవతల ఉప్పుటేరు. ఏటి మీది కర్రవంతెన మీద ఎవరో గుర్రం మీద పోతున్నారు. చింకి బట్టలు, తడిజుట్టు, వీపు మీద చేపపొలుసులు. ఆ వీపు తనదే.

ఆ రౌతు అవతలి గట్టు చేరి వెనక్కి చెయ్యి విసిరాడు. వంతెన పేకముక్కల్లా విడిపోయింది. కొమరగిరి లవంగాన్ని పళ్ల మధ్య పెట్టుకుని ఏట్లోకి దూకాడు. ఆటుపోట్ల నీరు, సుడులు. కెరటం ఒకటి అతన్ని బండకేసి కొట్టి భుజం చీల్చింది. రెండోసారి కొట్టేలోపు వేర్లు పట్టుకుని పైకి పాకి, గుట్ట ఎక్కాడు. రాతిస్తంభం నీడ అప్పటికి మూడు వేళ్ల వెడల్పు మిగిలి ఉంది.

గండశిల మీద సింగన్న చేతులు వెనక్కి కట్టించుకుని మోకాళ్ల మీద ఉన్నాడు. తలారి గంగడు కత్తి ఎత్తిపట్టుకుని ఉన్నాడు. గంగడి ఎదుట ఇంకో కొమరగిరి నిలబడి, పంటిగాటు పడిన లవంగాన్ని చూపిస్తూ, రాజుగారు ఆజ్ఞను ఖాయం చేశారని, నీడ కోసం ఆగనక్కర్లేదని చెబుతున్నాడు.

"ఆపు గంగన్నా," అన్నాడు అసలు కొమరగిరి, లవంగాన్ని నోట్లోంచి తీసి. "ఆయన్ని విడిచిపెట్టమని ప్రభువు మాట. ఇదిగో ముద్ర."

గంగడు అటు చూశాడు, ఇటు చూశాడు. రెండు ముఖాలూ ఒకటే, రెండు గొంతులూ ఒకటే. రెండు లవంగాలూ పుచ్చుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. రెంటి మీదా విరిగిన కోరపంటి గాటే. ఆరు నెలలుగా రాజు నోట్లో వేళ్లు పెడుతున్న వైద్యుడికి ఆ గాటు గీయడం ఎంత పని? గంగడు వాసన చూశాడు. పట్టుకున్న చెయ్యే నూనెలో నానినది కాబట్టి మొదటిది మరీ ఘాటుగా ఉంది. రెండోది ఉప్పునీళ్లలో తడిసింది. గంగడి చూపు మొదటిదాని వైపు మొగ్గింది. కత్తి పిడి మీద వేళ్లు బిగిశాయి.

సింగన్న తలెత్తి ఇద్దరు కొడుకులనూ చూశాడు. భయం అతని ముఖంలో ఎక్కడా లేదు. నలభై ఏళ్లు కొట్టు తలుపు తీసినప్పుడు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు.

"గంగా, చచ్చేవాడికి మంచినీళ్లు ఇచ్చే మర్యాద ఉంది కదా," అన్నాడు. "ఒక గిన్నెడు తెప్పించు. నేను తాగను. ఆ రెండూ అందులో వెయ్యి."

గంగడు కత్తి చంకన పెట్టుకుని, రాగి గిన్నెలో నీళ్లు పోయించి, రెండు లవంగాలూ వదిలాడు. భటులు, నూకాలు వెంట వచ్చిన రేవు జనం, అందరూ గిన్నె మీదికి వంగారు. ఒక లవంగం నీటి మీద వెల్లకిలా పడి అటూ ఇటూ ఊగింది. రెండోది ఒకసారి మునిగి, పైకి వచ్చి, తల ఎత్తి నిటారుగా నిలబడింది.

"పడుకున్నది నా కొట్టులోది. నూనె పిండేసిన పిప్పి," అన్నాడు సింగన్న. "నిలబడింది ఇవాళ వచ్చింది. నా కొడుకు తెచ్చింది. దానికి పొగరు ఎక్కువ, వాడికిలాగే."

మూడొందల బస్తాలు పిండినవాడు ఒక్క లవంగాన్నయినా నీళ్లలో వేసి చూడలేదు. నూనె తీసుకున్నాక అతని లెక్కలో అది పొట్టు. ఆ పొట్టులోంచే ఒకటి ఏరుకొచ్చాడు.

గంగడి కత్తి దిశ మార్చుకుంది. అది తగిలేలోపే దొంగ కొమరగిరి ముఖం మైనంలా జారిపోయి, అమృతనాథుడి ముఖం వచ్చి, అదీ జారిపోయి అడుగున ఉన్నది బయటపడింది. మూడొందల ఏళ్ల ముసలితనం. కంఠంలోంచి నల్లపొగ చిమ్ముతున్న మాంత్రికుడు ధూమకంఠుడు, పిల్లల్ని బెదిరించడానికి తప్ప ఆ దేశంలో ఎవరూ తలవని పేరు. నూనె ఆరిన చోటల్లా ఒళ్లు ఎండాకులా పెళుసుబారి రాలుతోంది. ఇన్నాళ్లూ ఆ కళేబరాన్ని కుళ్లకుండా నిలబెట్టింది లవంగతైలమేనని కొమరగిరికి అర్థమైంది. నూనె లేకపోతే వాడికి పక్షం రోజులు కూడా లేవు.

ధూమకంఠుడు మాత్రం కంగారు పడలేదు. చిరిగిన పెదవులతో నవ్వి కొమరగిరికి నమస్కారం పెట్టాడు.

"మూడొందల ఏళ్లుగా ఆ దీవి కోసం వెతుకుతున్నాను, అబ్బాయీ. మొసలిబండను ఎడమచేతికి వదలమని నువ్వే చెప్పావు."

మరుక్షణం అక్కడ మనిషి లేడు. పొగరంగు కొంగ ఒకటి గండశిల అంచు నుంచి లేచి సముద్రం మీదికి సాగింది. భటుల బాణాలు దాని ఈకలను కూడా తాకలేకపోయాయి.

గంగడు కట్లు కోశాడు. సింగన్న లేచి కొడుకును కావలించుకుని, భుజం మీది నెత్తురు చూసి తన ఉత్తరీయం చింపి కట్టాడు. కొమరగిరికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తండ్రి దక్కాడు. కాని తన నోటితోనే వెన్నెలవ్వ దీవికి దారి చెప్పాడు. మొసలిబండను కుడిచేతికి వదలమని ఉంటే ఎంత బాగుండేది.

"ఎంతమంది ఉన్నార్రా అక్కడ?" అని అడిగాడు సింగన్న.

"నలభై ఇద్దరు, నాయనా. చెట్లు మాత్రం నలభై మూడు. ఆ ఎక్కువ చెట్టు, ఇరవై రెండేళ్ల కిందట తుఫానులో దోనెతో సహా కొట్టుకుపోయిన బిడ్డదట. అవ్వ రోజూ దానికి నీళ్లు పోస్తోంది. ఈసారి మొగ్గ తొడిగింది. గిన్నెలో నిలబడ్డ ఆ లవంగం దానిదే."

సింగన్న గిన్నె వైపు చూశాడు. లవంగం ఇంకా నిటారుగానే నిలబడి ఉంది. ఆయన దాన్ని జాగ్రత్తగా వేళ్లతో తీసి కొడుకు నాలుక మీద పెట్టాడు.

జరిగింది రాజుకు విన్నవించమని గంగణ్ణి పంపి, తండ్రీకొడుకులు తిన్నగా పడవెక్కారు. రేవు ముఖద్వారంలో ఇనుపగొలుసు కట్టి ఉంది. రాజు అనుమతి లేకుండా ఏ పడవా పోరాదని కావలివాళ్లు అడ్డొచ్చారు. కొమరగిరి ఊపిరి వదిలి, గొలుసు దించమన్నాడు. ఆ వాసన తగలగానే కావలివాళ్లు చక్రం తిప్పారు. నోట లవంగం ఉన్నవాడి మాటను మేఖలాపురంలో ఎవరూ ఆపరు. నడుముల్లోతుకు మించి ఎప్పుడూ నీళ్లలోకి దిగని సింగన్న చుక్కాని దగ్గర కూర్చుని, మణికట్టుకు ఇంకా వేలాడుతున్న తాడు ముక్కతో తెరచాప బిగించి కట్టాడు. చాలా ముందు, ఆకాశం అంచున, పొగరంగు చుక్క ఒకటి మొసలిబండను ఎడమచేతికి వదిలి సాగింది.